పెళ్లికూతురు ఎక్కిన బండి

మా అన్న హారూన్ ఎర్ర కారును ఇంటి ముందుకు తెచ్చింది పోయిన సంవత్సరం రంజాన్ అయిన వారానికి. తెచ్చిన తీరు మీరు చూసి ఉండాల్సింది. బెంగళూరు నుంచి తానే నడుపుకుంటూ వచ్చి, వీధిలో ఆపి, దిగకుండా ఏదో మీట నొక్కాడు. నల్లటి టాపు తనంతట తానే పైకి లేచి, మడతలు పడి, వెనక డిక్కీలోకి పోయి పడుకుంది. నట్టనడుమ హారూన్ ఒక్కడే, నెత్తి మీద ఆకాశం పెట్టుకుని ఇకిలిస్తున్నాడు.

వీధంతా నోరు తెరిచింది, ఎదురింటి టైలరు మారెప్ప తప్ప.

"ఏం హారూనన్నా, గాలికి రేకులు లేచిపోయినాయా ఏంది?"

"ఇది కన్వర్టిబుల్, మారెప్పా. కావాలంటే కప్పు ఉంటాది, వద్దంటే పోతాది."

"మా ఇంటి కప్పూ అంతేలే అన్నా. వానొస్తే ఉండదు."

మా అబ్బా అబ్దుల్ రహీమ్ మాత్రం అరుగు మీద నుంచి లేవలేదు. ఆయన వెనక షెడ్డులో ఆయన బండి ఉంది. మీగడ రంగు, రెండే తలుపులు, వెనక్కి వాలిన పొట్టి కప్పు. పత్తి జిన్నింగు మిల్లు సేటు ఒకరు మోజుపడి మద్రాసు నుంచి తెప్పించుకుంటే, చివరికి డ్రైవరుగా ఉన్న అబ్బా చేతికి వచ్చింది. దీన్ని కూపే అంటారని సేటు చెప్పిన మాట అబ్బా ఇప్పటికీ గర్వంగా చెప్తాడు. ఊరికి మాత్రం అది రహీమ్ సాబ్ బండి. ఆదోనిలో మా వాళ్ల ఇళ్లలో పెళ్లికూతురు అత్తగారింటికి పోవాలంటే ఆ బండే రావాలి. వెనక అద్దాలకు ఆకుపచ్చ పరదాలు, లోపల అత్తరు వాసన.

ఆ బండికి ఒక కట్టుబాటు ఉంది. పెళ్లికూతురు ఎక్కిన బండి దారిలో ఆగకూడదు. ఆమె అందులోంచి దిగి ఇంకో బండి ఎక్కకూడదు. ఎక్కిన బండిలోనే అత్తగారి గడప దగ్గర దిగాలి. అందుకని అబ్బా ముందురోజే దారంతా తిరిగి చూసొచ్చేవాడు. ఎక్కడ రోడ్డు తవ్వారో, రైలు గేటు ఎప్పుడు పడుతుందో కనుక్కునేవాడు. ఇన్నేళ్లలో ఏ పెళ్లికూతురినీ దారిలో దించలేదని ఆయనకు అదొక పెద్ద పేరు. కంటి నరం ఎండిపోతోందని కర్నూలులో డాక్టరు చెప్పాక, మారు మాట్లాడకుండా స్టీరింగు వదిలేశాడు.

నేను, సైమాను. కాపురం తెగి పుట్టింటికి వచ్చినదాన్ని. మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతూ బతుకు వెళ్లదీయడం నా వల్ల కాలేదు. అబ్బాను సతాయించి, ఆ కూపేలోనే డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. స్టీరింగు పట్టుకుంటే నాకు ఎవరి ఇంట్లోనో ఉన్నట్టు అనిపించదు. అంతకన్నా బాగా ఆ మాట చెప్పలేను.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ మొదలైంది. మా ఇంట్లో ఉర్దూ, వీధిలోకి వస్తే తెలుగు, కోపమొస్తే రెండూ.

"షెడ్డులో ఒక కారుకే చోటుండాది. పాతది అమ్మేద్దాం అబ్బా," అన్నాడు హారూన్.

అబ్బా చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "సీజను అయ్యేదాకా రెండూ తిరగనీ. మొహర్రం వస్తే ఎట్లాగూ మన పెళ్లిళ్లు ఆగిపోతాయి. జనం దేన్ని అడుగుతారో చూద్దాం. అది ఈడుంటాది, రెండోది పోతాది."

"నీ బండికి డ్రైవరు యాడుండాడబ్బా?"

"నేనుండా," అన్నాను.

మా అమ్మీ సుగ్రాబీ చేతిలోని చపాతీ పీట కింద పెట్టింది. "తోబా! పెళ్లి బండికి ఆడది డ్రైవరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ అమ్మీ. అనుకునేవాళ్లు ఎవరూ మనింటికి వచ్చి అన్నం వండి పోరు కదా."

హారూన్ నవ్వాడు. "సరే నడుపు. కానీ ఒక మాట. ఆ డబ్బా పోయిందంటే నీ డ్రైవింగు కూడా దాంతోనే పోతాది. నా కారు మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

వాడు ఎగతాళిగా అన్నా, మాట మాత్రం నిజమే. కూపే ఉంటే నేను బయట ఉంటాను. అది పోతే మళ్లీ మిషను ముందుకే. ఈ సీజను ఎట్లాగైనా గెలవాలని ఆ క్షణమే గట్టిగా అనుకున్నాను.

*

మొట్టమొదట రెండు కార్లనూ పక్కపక్కన పెట్టి చూసింది ఉచ్చీరమ్మ. ఎమ్మిగనూరు దారిలో మెట్ట పొలాలు చేసుకునే హనుమన్న భార్య. వాళ్ల శోభను ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మారుతి అనే అబ్బాయికి ఇస్తున్నారు. మొగుడూ పెళ్లాం కారు మాట్లాడుకోవడానికి వచ్చారు. హనుమన్న ఎర్ర కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే, ఉచ్చీరమ్మ నేరుగా కూపే దగ్గరికి వచ్చింది.

"యాడమ్మా వెనక తలుపు?"

"లేదు ఉచ్చీరమ్మా. ముందు సీటు మడిచి పోవల్ల." సీటు మడిచి చూపించాను.

ఆమె వొంగి, మూలుగుతూ లోపలికి దూరింది. "కోడిగూట్లోకి పోయినట్టుండాది గదా," అని గొణిగింది. తర్వాత పరదా జరిపి, వెనక్కి వాలింది. "కూర్చున్నాక మాత్రం బాగుండాది పాపా. ఎవురూ సూడరు. ఏడ్సుకోవచ్చు."

"పెళ్లి కదమ్మా, ఏడవడం దేనికి?" అన్నాడు హారూన్, ఎర్ర కారు తలుపు తీసి పట్టుకుని. "ఇట్ల రా, ఈడ కూర్చో. రాణి మాదిరి."

"ఆడోళ్ల సంగతి నీకేం తెలుసప్పా," అంటూనే ఆమె పోయి కూర్చుంది. ఎండ నేరుగా ముఖం మీద పడింది. వీధిలో పోయే వాళ్లంతా ఆమెనే చూశారు. ఆమె కొంగు సర్దుకుంది, నవ్వాపుకుంది, మళ్లీ కొంగు సర్దుకుంది. వెనక సీటు చూసి, "ఇది మనిషికా, మేకపిల్లకా?" అని అడిగింది.

చివరికి కిందికి దిగి తేల్చి చెప్పింది. "అందరికీ కనపడల్లంటే ఎర్రది. ఎవురికీ కనపడకుండా పోవల్లంటే తెల్లది. మాది మెరవణి. మా పిల్ల కనపడల్ల."

మెరవణి అంటే మా వైపు ఊరేగింపు. బుకింగు హారూన్‌కు పోయింది. నాకు కడుపు మండింది గానీ ఆమె మాటలో తప్పేం కనపడలేదు. పెళ్లి రోజు దారిలో సుడిగాలి లేచి, మారుతి తలపాగా ఎగిరి దున్నిన నల్లరేగడిలో పడిందట. పెళ్లికొడుకు ముఖం బొగ్గు కొట్టు నుంచి వచ్చినట్టు అయిందట. అయినా ఎమ్మిగనూరు బజారులో జనం కారు వెనక పరుగెత్తి ఫోటోలు తీసుకున్నారు. శోభ నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపింది. ఆ ఫోటోలు చూసి ఇంకో నాలుగిళ్ల వాళ్లు ఎర్ర కారు అడిగారు.

కూపేకు తొలి బుకింగు రావడానికి ఇంకా సమయం పట్టింది. ఆదోనిలోనే, మార్కెట్టు వెనక వీధిలో పెళ్లి. అబ్బాకు నా మీద నమ్మకం లేక కాదు, బండిని వదిలి ఉండలేక నా పక్క సీట్లో వచ్చి కూర్చున్నాడు. తెల్ల లాల్చీ, అత్తరు, అన్నీ పద్ధతి ప్రకారం. నేను స్టీరింగు ముందు కూర్చోగానే లోపలి అద్దం చూసుకున్నాను. అది కప్పు వైపు తిరిగి ఉంది.

"ఇది ఎందుకబ్బా ఇట్ల?"

"వెనక పెళ్లికూతురు ఉంటాది కదా. మగవాడిని, నేను చూడకూడదు. మొదటి నుంచీ అట్లే పెట్టినా."

నేను అద్దాన్ని నాకు కనపడేట్టు తిప్పుకున్నాను.

పెళ్లికూతురిని తెచ్చేటప్పుడు ఆమె పిన్నమ్మలు, అత్తలు గుంపుగా వచ్చారు. మామూలుగా అయితే మగ డ్రైవరు దిగి సీటు మడిచి పట్టుకోవాలి, ఆడవాళ్లు దుప్పటి అడ్డం పట్టాలి. ఆ రోజు నేను దిగి సీటు మడిచాను. వాళ్లు దుప్పటి పట్టుకుని ఒక క్షణం అట్లాగే నిలబడిపోయారు. దాంతో పని లేదని అప్పుడు తట్టింది. ఒకామె తలుపులోంచి అబ్బాను చూసింది.

"సాబ్, నడిపేది ఆడపిల్లే కదా. ఇంగ మీరెందుకు లోపల?"

అబ్బా ఆమెను చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా దిగాడు. పెళ్లికూతురు ఎక్కేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత బండి కప్పు మీద అరచేత్తో తట్టి, "పో బేటీ," అన్నాడు. ఆ బండి పెళ్లికూతురితో పోతుంటే ఆయన కింద నిలబడి చూడడం అదే మొదటిసారి.

సందు మలుపు తిరగగానే వెనక నుంచి చిన్న గొంతు వినపడింది. "అక్కా, నీళ్లుండాయా?"

అద్దంలో చూశాను. ముసుగు పైకి ఎత్తేసింది. పొద్దున నుంచి చుక్క నీళ్లు తాగలేదట. తాగితే బాత్రూముకు పోవాలి, ఆ బట్టలతో, ఆ జనంలో ఎట్లా పోతుంది? నా సీసా ఇచ్చాను. గటగటా తాగింది, గట్టిగా ముక్కు చీదింది, చెప్పులు విప్పేసింది, "అత్తగారిల్లు ఇంత దగ్గరా?" అని దిగులుపడింది. ఇంకో చుట్టు తిప్పాను.

ఆ సంగతి పెళ్లి ఇంట్లోంచి పెళ్లి ఇంటికి పాకింది. బుకింగులు మాట్లాడేది మగవాళ్లు గానీ, ఆడవాళ్లు చేసేది వేరు. వాళ్లు మా అమ్మీకి ఫోను చేయడం మొదలుపెట్టారు. నలుగురూ ఏమనుకుంటారోనని భయపడిన మనిషి, రెండు వారాలు తిరిగేసరికి ఫోను చెవికి ఆనించుకుని దర్జాగా చెప్తోంది. "ఆఁ ఆఁ, మా పాపే. నీళ్లు, తువ్వాలు, సూదీ దారం కూడా పెట్టుకుంటాదమ్మా బండిలో."

పెళ్లికొడుకులు ఎర్ర కారుకు, పెళ్లికూతుళ్లు కూపేకు. పందెం సమానంగా నడుస్తోంది. హారూన్ అన్నం దగ్గర నన్ను చూడడం మానేశాడు.

*

రోహిణి కార్తెలో ఎమ్మిగనూరు వాళ్లు రెండు కార్లనూ ఒకే పెళ్లికి అడిగారు. పెళ్లికూతురు రుక్సానా ఆదోని పిల్ల. పెళ్లికొడుకు షాకిర్‌కు ఎమ్మిగనూరులో బట్టల కొట్టు ఉంది. అతను ఎర్ర కారులో టాపు తీసి ముందు పోవాలి, ఆమె కూపేలో వెనక రావాలి. ఎమ్మిగనూరు మొదట్లో బ్యాండు, టపాసులు, పైన డ్రోను కెమెరా. ఆ రోజు ఏ కారు పేరు నిలబడితే ఆ కారుదే షెడ్డు అని ఎవరూ అనలేదు గానీ, ఇంట్లో అందరికీ తెలుసు.

ముందురోజు స్కూటీ మీద దారంతా పోయి చూసొచ్చాను, అబ్బా చేసినట్టే. గేటు వేళ కనుక్కున్నాను. ఎండ సంగతి ఒక్కటే ఆలోచించలేదు.

నికా, భోజనాలు, ఫోటోలు అయ్యేసరికి మధ్యాహ్నం వాలాక చేసే అసర్ నమాజు వేళ దగ్గరపడింది. రుక్సానా జరీ బట్టల బరువుకు నడవలేకపోతోంది. ఆమె, ఆమె ఫుప్పీ, అంటే మేనత్త, వెనక సీట్లో కూర్చున్నారు. పరదాలు వేశాం. కూపే వెనక అద్దాలు దిగవు. ముందు అద్దాలు దించితే వచ్చే గాలి పొయ్యి మీద నుంచి వచ్చినట్టుంది. ముందు ఎర్ర కారులో, మడత పడిన టాపు మూత మీద కూర్చుని షాకిర్ పోతున్నాడు. ముఖానికి కట్టిన సెహ్రా పూల సరాలు గాలికి ఎగురుతున్నాయి. ఆ మూత మీద అటూ ఇటూ మల్లె దండలు తీగలతో బిగించి కట్టారు.

సగం దారి దాటాం. రెండు వైపులా బీడు పొలాలు, ఎండిన కాలువ, మనిషి జాడ లేదు.

"ఫుప్పీ, ఊపిరాడతా లేదు," అంది రుక్సానా.

"కొంచెం ఓర్చుకో బేటీ, వచ్చేసినాం."

నీళ్ల సీసా వెనక్కి ఇచ్చాను. కొంత దూరం పోయాక అద్దంలో చూశాను. రుక్సానా తల ఫుప్పీ భుజం మీదికి వాలిపోయి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. సీసాలోని నీళ్లు ఆమె ఒళ్లోకి పోతున్నాయి, ఆమెకు తెలియడం లేదు.

నేను హారను మీద చెయ్యి పెట్టి బండిని పక్కకు తీశాను.

"ఆపొద్దు సైమా!" ఫుప్పీ నా భుజం గుంజింది. "పెళ్లికూతురు ఎక్కిన బండి ఆగకూడదు. మీ నాయన ఎప్పుడన్నా ఆపినాడా?"

"లేదు ఫుప్పీ. నేను ఆపుతాండా."

దిగి సీటు మడిచాను. లోపలికి పోవడం ఎంత కష్టమో, స్పృహ లేని మనిషిని బయటికి తీయడం దానికి పదింతలు. ఆమె దుపట్టా సీటు సందులో ఇరుక్కుంది. గుంజితే చిరిగింది. చంకల కింద చేతులు వేసి లాగితే ఆమె తల తలుపు చట్రానికి తగిలింది. ఆ క్షణంలో ఆ కారంటే నాకు అసహ్యం వేసింది. నేను పోట్లాడి నిలబెట్టుకుంటున్న కారు, నా బతుకు అనుకున్న కారు, ఆ పిల్లను బయటికి రానివ్వడం లేదు.

ఎర్ర కారు వెనక్కి వచ్చి ఆగింది. షాకిర్ సెహ్రా వెనక్కి తోసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు.

"హారూన్, టాపు మూసి ఏసీ వేయి!" అని అరిచాను.

హారూన్ మీట నొక్కాడు. కారు కీచుకీచుమంది తప్ప కప్పు కదలలేదు.

"మూసుకోదు! పూలు కట్టినారు కదా, మూత లేవదు!"

"పీకు పూలు!"

"పాపా, ఊరి మొదట్లో డ్రోను పెట్టుకోనుండారు. ఊరంతా చూస్తాంది..."

వాడి మాట అయ్యేదాకా నేను ఆగలేదు. వెనకే దిగిన ఫుప్పీ ఒళ్లో రుక్సానాను పెట్టి, పోయి దండలు పట్టి గుంజాను. తీగ వేళ్లకు కోసుకుంది. షాకిర్ కూడా వచ్చి రెండో వైపు పీకేశాడు. మల్లెలు రోడ్డంతా పడ్డాయి. కప్పు లేచి, కదిలి, మా నెత్తి మీదుగా వచ్చి బిగుసుకుంది. రుక్సానాను ముందు సీట్లో పడుకోబెట్టాం. ఫుప్పీ ఆ మేకపిల్ల సీట్లో ఎట్లా పట్టిందో ఆమెకే తెలియాలి. ముసుగు తీసేసి, రవిక హుక్కులు వదులు చేసింది.

"దిగు," అన్నాను హారూన్‌తో.

"ఏంది?"

"ఆ పిల్ల ఇట్లుంటే నువ్వెట్ల నడుపుతావు? దిగు. నేను నడుపుతా."

"దీన్ని నువ్వెప్పుడు నడిపినావు?"

"ఇప్పుడు."

దిగాడు. నేను కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమ కాలితో క్లచ్చు నొక్కబోయాను. గేర్లు తానే మార్చుకునే ఆ కారులో క్లచ్చు లేదు, అక్కడ బ్రేకు ఉంది. కారు గుర్రంలా తల విసిరింది.

"ఎడమ కాలు మడుచుకుని కూర్చో!" బయటి నుంచి హారూన్ అరిచాడు. "ఆ కాలుతో దానికి పని లేదు!"

కాలు మడుచుకున్నాను. తర్వాత కారు పోయిన పోకడ ఏమని చెప్పను? రోడ్డు మీద గతుకులు ఉన్నాయన్న సంగతే తెలియలేదు. చల్లటి గాలి రుక్సానా ముఖానికి కొడుతోంది. ఫుప్పీ నా తువ్వాలు తడిపి ఆమె ముఖం, మెడ తుడుస్తూ దువా చదువుతోంది. ఎమ్మిగనూరు కనపడేసరికి పిల్ల కళ్లు తెరిచి, నా చేతుల వైపు చూసి, "రక్తం వస్తాంది అక్కా," అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నడిపాను.

దారిలో కనపడిన మొదటి ఆసుపత్రి ముందు ఆపాను. వడదెబ్బ తగలబోయి తప్పిందని, కాసేపు పడుకోబెట్టి, పంపించేశారు. అక్కడి నుంచి బ్యాండు దగ్గరికి చేరేసరికి షాకిర్ అమ్మ, అక్కచెల్లెళ్లు, వీధి వీధంతా ఎదురుచూస్తున్నారు. డ్రోను కిందికి దిగి ఎర్ర కారు చుట్టూ తిరిగింది. లోపల పెళ్లికొడుకు లేడు, పెళ్లికూతురు మజ్జిగ తాగుతోంది. వెనక కూపే వచ్చి ఆగింది. హారూన్ సీటు మడిస్తే, పెళ్లికూతురు లేకుండా ఊళ్లోకి కనపడుతూ రావడానికి సిగ్గుపడి వెనక దూరిన షాకిర్, ఆకుపచ్చ పరదాలు తప్పించుకుని, వొంగి, బయటికి వచ్చాడు.

షాకిర్ అమ్మ కారులోకి తొంగి చూసి, కోడలి చెంప తడిమి చూసి, వెనక్కి తిరిగింది.

"మావాడు పరదాలో వచ్చినాడు, కోడలు ఎర్ర కార్లో వచ్చింది. ఇంగ మా ఇంట్లో ఎవరి మాట సాగుతాదో మీకందరికీ తెలిసిపోయింది," అంది.

నవ్వులతో బ్యాండు మొదలైంది.

*

ఇంటికి వచ్చి అబ్బాకు నేనే చెప్పాను.

"ఆపినావా?"

"ఆపినా."

"దించినావా?"

"దించినా. ఎర్ర కారు ఎక్కించినా."

అమ్మీ నా వేళ్లకు పసుపు అద్దుతూ తల దించుకుంది. అబ్బా చాలాసేపు షెడ్డు వైపు చూశాడు.

"నేనైతే ఆపేవాడిని కాదు బేటీ," అన్నాడు. "ఇన్ని పెళ్లిళ్లు చేసినా. వెనక ఆ పిల్లలకు ఊపిరాడతాందో లేదో ఒక్కనాడూ చూడలేదు. అద్దం కప్పుకు తిప్పి పెట్టుకోని, మర్యాద అనుకున్నా."

హారూన్ గొంతు సవరించుకున్నాడు. "అయితే తేలిపోయింది కదబ్బా. కూపే పోతాది."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను పోట్లాడతానని అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ ఆ పిల్ల తల చట్రానికి తగిలిన చప్పుడు నా చెవిలోనే ఉంది.

"పోనీ," అన్నాను. "కానీ పెళ్లికూతుళ్లు ఎక్కితే ఎర్ర కారు నేను నడుపుతా."

"అది నా కారు. ముందే చెప్పినా కదా."

"నీ కారే. నేను కాదనలేదు. పెళ్లికూతుళ్లు నీ కోసం ఫోను చేస్తాండారా, నా కోసమా? అమ్మీని అడుగు."

"నేను ఇయ్యను."

"అయితే ఇంకొకరి కారు నడుపుతా. ఆదోనిలో కార్లకు కరువా? మిషను ముందు మాత్రం కూర్చోను హారూన్. ఎవరి కారైనా సరే, నడుపుతా."

వాడు విసురుగా లేచి పోయాడు. ఆ వారమంతా నాతో మాటల్లేవు. అమ్మీ ఫోను మాత్రం మోగుతూనే ఉంది. ఒకసారి హారూన్ తానే ఎత్తి, "కారు వస్తాదమ్మా, నేనే నడుపుతా, బెంగళూరు నుంచి నడుపుకోని వచ్చినవాడిని," అని చెప్పాడు. అవతలి నుంచి ఏదో అన్నారు. వాడి ముఖం వాడిపోయింది. "ఎర్ర కారు వద్దంట. ఆటోలోనైనా పోతారంట, ఆడ డ్రైవరు ఉంటే," అని ఫోను అమ్మీ ఒళ్లో పడేశాడు. ఆ సాయంత్రం నేను జాకెట్టుకు కాజాలు కుడుతుంటే, వచ్చి, ఎర్ర కారు తాళం మిషను మీద పెట్టి పోయాడు. ఎడమ కాలు సంగతి మాత్రం గుమ్మం దగ్గర ఆగి మళ్లీ ఒకసారి గుర్తు చేశాడు.

పాత కార్లు పోగేసే బళ్లారి ఆయనొకరు కూపేను తీసుకుపోయాడు. అబ్బా దాన్ని పొద్దున్నే కడిగి, తుడిచి, పరదాలు ఉతికి ఇచ్చాడు. లారీ మీదికి ఎక్కించేటప్పుడు వీధిలోకి రాలేదు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. అది నాకు నడపడం నేర్పిన కారు.

*

మొహర్రం ముందు చివరి పెళ్లి కూడా ఎమ్మిగనూరుకే. మృగశిర కార్తె మబ్బులు పట్టాయి. తొలకరికి తడిసిన చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. పూలు ఈసారి ముందు బానెట్టుకే కట్టించాను. పెళ్లికూతురు నా పక్క సీట్లో, ఆమె అక్క వెనక. టాపు మూసి, ఏసీ వేసి, అద్దాలు పైకెత్తి, ఆదోని వీధులన్నీ మర్యాదగా దాటాం.

ఊరు వెనకబడ్డాక ఆ పిల్ల ముసుగు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. కాసేపు చేలు చూసింది. తర్వాత తల ఎత్తి, పైన నల్లటి గుడ్డను వేలితో తాకి చూసింది.

"అక్కా, దీన్ని తీయొచ్చంట కదా?"

"తీయొచ్చు."

"ఊరుకో. ఎవరన్నా చూస్తే?" అంది వెనక నుంచి వాళ్లక్క.

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. నన్నే చూస్తోంది. "పెళ్లికొడుకులకేనా తీసేది?"

"కాదు," అన్నాను. వేగం తగ్గించి, మీట నొక్కాను.